నిలబడ్డ బండిలో తిరిగే ఇంజను

మీ బండి కదలకుండా నిలబడి ఉన్నప్పుడు దాని ఇంజను ఎవరి కోసం తిరుగుతోంది? బడి గేటు ముందు పిల్లల కోసం ఆగినప్పుడు, పాల ప్యాకెట్ కోసం దిగినప్పుడు, ఫోన్లో మాట తెగక రోడ్డు పక్కన నిలిపినప్పుడు ఎవరి కోసం? జవాబు వెంటనే తోచకపోతే తొందరేం లేదు. మా ఇంట్లో ఆ ప్రశ్న అడగడానికే ఒక తరం పట్టింది.

మా అన్నకు ఒక పికప్ బండి ఉంది. కొన్నప్పుడు తెల్లనిది. ఇప్పుడు చామంతి పసుపూ బంతి నారింజా వెనక తొట్టి ఇనుప రేకుల్లోకి ఇంకిపోయి, దానికి తనదంటూ ఒక రంగు వచ్చింది. చేవెళ్ల చుట్టుపక్కల తోటల్లో పూలు ఎక్కించుకుని, మొయినాబాద్ మీదుగా నగరంలోని పూల మార్కెట్టుకు చేరవేయడం అన్న పని. పక్క సీట్లో వదిన కూర్చుంటుంది. తోట తోటకూ దిగి, సంచులు తూచి, ఎవరి పూలు ఎవరివో గుడ్డపీలికలు కట్టి గుర్తుపెట్టేది ఆమె. ఎక్కువగా చిన్న తోటలే. ఒక్కో ఆడమనిషి దగ్గర ఒక సంచో రెండు సంచులో ఉంటాయి. ఆ కొంచెం కోసం పెద్ద బండ్లు సందుల్లోకి రావు. మా అన్న బండి వస్తుంది.

నేను వాదనల్లో పెరిగిన మనిషిని. యవ్వనమంతా సంస్కరణ సభల్లో గడిపాను. ముహూర్తం అన్నవాణ్ణి నిలదీశాను, శకునం అన్నవాణ్ణి వేదిక ఎక్కి రమ్మన్నాను. ఊళ్లో పెళ్లిళ్లకు నన్ను పిలిచేవారు గానీ పంతులు పక్కన కూర్చోబెట్టేవారు కాదు. అటువంటి నేను, మా ఇంటి వాకిట్లోనే రోజూ తెల్లవారుజామున జరిగే తంతును చాలాకాలం చూస్తూ ఊరుకున్నాను. చూసీ చూసీ అది నాకు కనబడకుండా పోయింది.

ఆ తంతు ఇది. వదిన డ్యాష్‌బోర్డు మీద అగరుబత్తి వెలిగిస్తుంది. అన్న కళ్లు మూసుకుని తాళం తిప్పుతాడు. ఇంజను అందుకుంటుంది. ఇక ఆ క్షణం నుంచి మార్కెట్లో ఆఖరి సంచి దిగేవరకు ఇంజను ఆగకూడదు. తోట దగ్గర నిలబడ్డా ఆగకూడదు. తూకం వేస్తున్నా, తాడు బిగిస్తున్నా, చాయ్ తాగుతున్నా, మార్కెట్టు ముందు బండ్ల వరుసలో గంటలు గడుస్తున్నా, అది గుడగుడమంటూ తిరుగుతూనే ఉండాలి. "పూలు దిగేదాంక బండి సప్పుడు ఆగొద్దు" అనేది మా ఇంటి మాట. ఆపితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. ఏమీ చెప్పకపోవడంలోనే ఉంది ఆ మాట బలం.

డీజిలు ధర ఎక్కింది. దిగుతుందేమో అని చూస్తుంటే ఇంకా ఎక్కింది. పూల ధర మాత్రం ఆనాటి గాలిని బట్టి ఉంటుంది. పండుగకు నెత్తికెక్కుతుంది, మర్నాడు మార్కెట్టు మూల కుప్పగా కుళ్లుతుంది. ఒక సాయంత్రం అన్న ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కోకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"బండి అమ్ముత తమ్మి" అన్నాడు. "ఇది పూలు మోస్తలేదు. డీజిలే మోస్తున్నది. అదీ దాని కడుపుల."

"అమ్మి ఏం జేస్తవ్?"

"అజీజ్‌నగర్ల ఒక ఫామ్‌హౌజ్ ఉన్నది. డ్రైవర్ గావాల్నట. ఉండనీకి గేటు కాడ రూం ఇస్తరట. మీ వదినకు గూడ వంటపని ఉన్నదంటున్నరు."

లోపల వదిన చేస్తున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె గడప దాకా వచ్చి నిలబడింది.

"ఆ ఫామ్‌హౌజ్ ఏడున్నదో మీ అన్నను అడుగు మరిదీ" అంది నాతో. ఆమె కళ్లు మాత్రం అన్న మీదే ఉన్నాయి. "మనం కౌలుకు జేసిన బంతి తోట లేదా, గా జాగల్నే. నేను నారు పోసిన మట్టి మీద ఇప్పుడు వాళ్లు పచ్చగడ్డి పెంచుతున్నరు. మేకలు తినని గడ్డి. నేను పోయి ఆ గడ్డి పక్కన కూసోని ఉల్లిగడ్డలు కోయాల్నా?"

అన్న కాళ్లు కడుక్కోవడానికి లేచాడు. బండి చూడ్డానికి వచ్చే నెల ఒక మనిషి వస్తున్నాడని మాత్రం చెప్పాడు.

నాకు పౌరుషం వచ్చింది. ఒక బండి ఎక్కువ తాగుతోందంటే దానికి కారణాలు ఉంటాయి. కారణాలు ఉన్నచోట మందూ ఉంటుంది. మర్నాడే బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ముందు చక్రాల్లో గాలి సగమే ఉంది. గాలి వడపోసే ఫిల్టర్ విప్పితే, అది చెరువు అడుగు మట్టిలా పొరలు పొరలుగా రాలింది. తొట్టి మీద ఎప్పుడో గడ్డి మోయడానికి బిగించిన ఇనుప చట్రం ఇప్పుడు గాలికి అడ్డంగా నిలబడడానికి తప్ప ఎందుకూ పనికి రావడం లేదు. ఇవన్నీ సరిచేయించాను. ఇంజను గొంతు పట్టి రోడ్డు మీద ఉరికించడం మాని, నిదానంగా ఒకే జోరున పొమ్మని అన్నను బతిమాలాను.

అన్న తనవంతు వైద్యం తాను చేశాడు. పెట్రోల్ బంకు దగ్గర ఎవడో అమ్ముతున్న రెండు అయస్కాంతపు బిళ్లలు కొనుక్కొచ్చి డీజిలు పైపుకు కట్టించాడు. అంతటితో ఆగక కొత్త నిమ్మకాయలు, మిరపకాయలు, ఒక నల్లదారం కూడా.

"అయస్కాంతం ఉంటే డీజిల్ల ఉన్న కణాలన్ని సాపుగ నిలబడ్తయట తమ్మి. బడిల ప్రార్థన లెక్క. అప్పుడు మంచిగ కాలుతదట."

"అన్నా, డీజిల్ అయస్కాంతానికి అంటుకోదు. అది నిమ్మకాయకు చిన్న తమ్ముడే. సైన్సు అంగీ తొడుక్కున్నది, గంతే తేడా."

"నువ్వు దేవుణ్ణి నమ్మవు. నిమ్మకాయను నమ్మవు. ఆఖరుకు అయస్కాంతాన్ని గూడ నమ్మవు. మరి దేన్ని నమ్ముతవ్ రా నువ్వు?"

"కొలతను. ట్యాంకు మూతి దాక పోయిద్దాం. ఎప్పటి లెక్కనే నడుపు. మళ్ల అదే బంకుల మూతి దాక పోయిద్దాం. ఎంత పట్టిందో అదే చెప్తది. నాతోని నీకు పంచాయితీ ఎందుకు?"

అలాగే చేశాం. గాలి, ఫిల్టర్, చట్రం, నిదానం, వీటితో కొంత మెరుగు కనిపించింది. అన్న ఆ కీర్తి మొత్తం అయస్కాంతానికి ఇచ్చేశాడు. నేను అయస్కాంతాన్ని విప్పించి మళ్లీ కొలిపించాను. ఏమీ మారలేదు. దాన్ని వదిన తీసుకుపోయి మాలలు గుచ్చే సూదులు పోకుండా అంటించి పెట్టుకుంది. మా ఇంట్లో ఆ బిళ్ల చేసిన ఉపకారం అదొక్కటే. కానీ ఆ మెరుగు చాలలేదు. అన్న నోటి నుంచి ఫామ్‌హౌజ్ మాట పోలేదు. వదిన ముఖం తెరుచుకోలేదు.

తక్కింది ఎక్కడ పోతోందో చూద్దామని నేను బండెక్కాను.

ఆ పొద్దుటి ప్రయాణాలు ఇప్పటికీ నాకు కల మిగిల్చిన ముక్కల్లాగే గుర్తున్నాయి. చలికాలం. రోడ్డు మీద మంచు పాలమీగడలా పరుచుకుని, బండి ముందుకు పోతుంటే ఇష్టం లేనట్టు చీలేది. చెట్లు ఎదురొచ్చేవి, పలకరించకుండా పోయేవి. అన్న బండిని సందులోకి తిప్పి ఒక తోట పక్కన నిలిపేవాడు. దీపాల వెలుగులో చామంతులు నేల మీద నక్షత్రాలు పండినట్టు కనబడేవి. ఎవరో ఆడమనిషి తలకు తువ్వాల చుట్టుకుని మంచులోంచి నడిచొచ్చేది. ముందు ఆమె నెత్తి మీది సంచి కనబడేది, తర్వాత ముఖం. వదిన దిగేది. మాటలు నడిచేవి గానీ నాకు వినబడేవి కావు. ఇంజను మోతలో పెదవులు మాత్రం కదిలేవి. అద్దం అవతల బతుకంతా మూగగా సాగుతున్నట్టుండేది. నేను సీట్లో ఒరిగి, ఒంట్లోకి పాకే ఆ సన్నని వణుకులో, తడి పూల వాసనలో, నిద్రకూ మెలకువకూ నడుమ ఎక్కడో తేలేవాణ్ణి.

అలా తేలుతుండగానే ఒక రోజు అది వచ్చింది.

నేను చిన్నవాణ్ణి. ఒళ్లో బంతిపూలు. ఇలాంటి సందే, ఇలాంటి మంచే. మా నాన్నది, బాపుది, ఆ పాత వ్యాను. దాని ముందు సీట్లో ఉన్నాను. బాపు తాళం తిప్పుతున్నాడు. బండి దగ్గుతోంది గానీ అందుకోవడం లేదు. బాపు తలుపు తెరిచి దిగి, తోటలోకి చూసి కేకేస్తున్నాడు. "జర చెయ్యేయండమ్మా!" మంచులోంచి ఆడవాళ్లు వస్తున్నారు. గంపలు దించి, కొంగులు నడుముకు దోపుకుని, నవ్వుకుంటూ తిట్టుకుంటూ బండి వెనక చేరుతున్నారు. నేను వెనక్కి తిరిగి అద్దంలోంచి చూస్తున్నాను. వెనక కిటికీ నిండా గాజుల చేతులు. బండి కదిలింది. బాపు పరుగెత్తి ఎక్కి క్లచ్ వదిలాడు. ఒక్క కుదుపు, ఒక నల్లటి పొగ, తర్వాత ఆ చప్పుడు. ఆడవాళ్ల నవ్వులు. వాళ్లలో ఒకామె వేలు చూపిస్తూ బాపును బెదిరిస్తోంది. "మళ్ల ఆపినవంటే మేం తొయ్యం!" బాపు నా వైపు తిరిగి, ఇంకా ఆయాసపడుతూనే అంటున్నాడు. "ఇగ పూలు దిగేదాంక బండి సప్పుడు ఆగొద్దు బిడ్డా."

నేను దిగ్గున లేచి కూర్చున్నాను. బండి తోట పక్కన నిలబడే ఉంది. ఇంజను తిరుగుతూనే ఉంది. అద్దం అవతల వదిన తూకం చూస్తోంది. అన్న బీడీ కాలుస్తూ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బండి ఎవరి కోసమూ కాకుండా, అక్కడ లేని ఒక పాత వ్యాను కోసం డీజిలు తాగుతోంది.

ఇంటికి రాగానే అవ్వను అడిగాను. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వ చాయ్‌లో రొట్టె ముంచుకుంటోంది. అది మెత్తబడేవరకు ఆమెకు వేరే లోకం ఉండదు.

"అవ్వా, బాపు వ్యాను మధ్యల ఎందుకు ఆపకపోయెటోడు?"

"దాని సెల్ఫ్ ఖరాబుండె. ఆపితే మళ్ల లేవకపోయేది. బాగు చేయించయ్యా అంటే, పూల సీజన్ పోయినంక చేయిస్త అనెటోడు. సీజన్ పాయె, వ్యాను పాయె, ఆయన గూడ పాయె."

"మరి అన్న ఇన్నేండ్ల సంది ఈ బండిని గూడ ఆపకుండ నడుపుతుండు. నువ్వొక్క మాట చెప్పకపోతివి?"

అవ్వ రొట్టె నోట్లో పెట్టుకుని నమిలి, మింగి, అప్పుడు అంది. "నన్నెవరడిగిర్రు? ఆపుతలేడంటే పైసలు మస్తున్నయేమో అనుకున్న."

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఒళ్లు మండింది. పాఠకులారా, ఆచారం ఎలా పుడుతుందో పుస్తకాల్లో వెతికాను. భయంలోంచి పుడుతుందని, పూజారి లాభంలోంచి పుడుతుందని గంటలు గంటలు మాట్లాడాను. అది ఒక పాడైన సెల్ఫ్ మోటారులోంచి కూడా పుడుతుందని నాకు తట్టలేదు. చెప్పినవాడికి కారణం తెలుసు. విన్నవాడికి మాట మాత్రమే అందింది. ఇక దాని పక్కన ఒక అగరుబత్తి వెలిగిస్తే చాలు, అది మతం అవుతుంది.

అన్నకు చెప్పాను. అవ్వ సాక్ష్యం కూడా పెట్టాను. నా జీవితంలో ఇంత పకడ్బందీగా ఏ వాదనా నెగ్గలేదనుకున్నాను. అన్న అంతా విన్నాడు.

"ఖరాబే గావచ్చు తమ్మి" అన్నాడు మెల్లగా. "గని బాపు చెప్పిండు గద."

"చెప్పింది గా బండి కోసం. ఈ బండి సెల్ఫ్ మంచిగున్నది."

"బండి వేరే. సప్పుడు ఒక్కటే. తోట కాడ నిలబెట్టి గట్టు మీద కూసుంట సూడు, ఆ సప్పుడు ఇనుకుంట కండ్లు మూసుకుంటే, బాపు సీట్లున్నట్లే ఉంటది. ఆపితే..."

దేవుడితో వాదించడం నాకు వచ్చు. బాపుతో వాదించడం ఎవరూ నేర్పలేదు. వదిన వింటోందని నేను గమనించనే లేదు.

బండి చూడ్డానికి మనిషి వచ్చే రోజు దగ్గరపడింది. దానికి ముందటి పొద్దున కూడా నేను బండిలో ఉన్నాను. ఆఖరి తోట ఒక ముసలామెది. మా అవ్వ ఈడుది. ఆ ఏడాది మంచు ముదిరి పూలు ఆలస్యమైతే, ఆమె ఇంకా తెంపుతూనే ఉంది. అన్న దిగి వెనక తాడు బిగిస్తున్నాడు. వదిన సీటు మీదుగా వంగింది. చెయ్యి చాచింది. తాళం వెనక్కి తిప్పింది.

చప్పుడు ఆగిపోయింది.

అంత నిశ్శబ్దాన్ని నేను ఆ రోడ్డు మీద ఎన్నడూ వినలేదు. అవును, వినలేదనే అంటాను. అది వినబడేదే. ముందు మంచు బొట్లు ఆకుల మీంచి ఆకుల మీదికి రాలుతున్న టపటపలు. తర్వాత దూరంగా నెమలి. ఆ తర్వాత కాడ నుంచి పువ్వు తెగే చిన్న చిటుక్కు, మళ్లీ చిటుక్కు. ముసలామె ఏదో కూనిరాగం తీస్తోంది. ఇన్నాళ్లూ ఆమె అది పాడుతూనే ఉందేమో. మూగగా కదిలిన ఆ పెదవులకు ఇప్పుడు గొంతు వచ్చింది.

అన్న పరుగెత్తుకొచ్చాడు. మనిషి పోతే వచ్చే ముఖంతో వచ్చాడు.

"ఏమైంది? బండికేమైంది?"

"ఏం గాలె. నేనే ఆపిన" అంది వదిన.

"ఎందుకాపినవ్? పూలున్నయ్ బండ్ల!"

"ఉన్నయ్. ఏడికి పోలే. నువ్వు రేపు బండి అమ్మితే ఎట్లనన్న ఆగేదే గద ఈ సప్పుడు. నా ముంగట్నే ఆగనీ, చూద్దాం."

ఆ అలికిడికి ముసలామె తలెత్తింది. ఒడిలో పూలతోనే గట్టెక్కి వచ్చింది. బండి వైపు చూసింది, మా ముఖాల వైపు చూసింది, పూలు సంచిలోకి వంపి కొంగు నడుముకు దోపుకుంది.

"ఆగిపాయెనా? ఆఁ, పట్టుండ్రి మరి, తోద్దాం. మీ బాపు బండి గూడ గీడ్నే ఆగుతుండె. సచ్చినోడు, నా నడుములు ఇరగ్గొట్టిండు తోపిచ్చి తోపిచ్చి."

మొదట వదిన నవ్వింది. తర్వాత నేను. అన్న నవ్వలేదు. నెమ్మదిగా ఎక్కి సీట్లో కూర్చున్నాడు. ఈసారి కళ్లు మూసుకోలేదు. తాళం తిప్పాడు. బండి మారుమాట లేకుండా అందుకుంది. అన్న మళ్లీ ఆపాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అందుకుంది. కొత్త బొమ్మ దొరికినవాడిలా ఇంకోసారి ఆపి, చేతులు స్టీరింగు మీద పెట్టుకుని, ఆ నిశ్శబ్దంలో కూర్చుండిపోయాడు. ముసలామె తన తోటలోకి తాను పోయింది. చిటుక్కు, చిటుక్కు.

"బాపు ఉంటే ఏమనెటోడో" అన్నాడు చాలాసేపటికి.

"ఏమనెటోడు?" అంది వదిన. "సెల్ఫ్ మంచిగున్న బండిని ఆపకుండ తాపుతున్నందుకు చెప్పు తీస్కొని కొట్టెటోడు."

అప్పుడు నవ్వాడు అన్న. నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. మంచు తడే అన్నాడు.

మర్నాడు బండి చూడ్డానికి వచ్చిన మనిషికి వదిన చాయ్ ఇచ్చింది. ఇప్పుడే ఏమీ చెప్పలేనని, ఒక ట్యాంకు నడిపి చూసి చెబుతానని అన్న అన్నాడు. తోట దగ్గర ఆపాడు. మార్కెట్టు వరుసలో ఆపి, ముందు బండి కదిలినప్పుడే తాళం తిప్పాడు. మళ్లీ అదే బంకులో మూతి దాకా పోయించాం. ఎప్పటి తిరుగుళ్లన్నీ తిరిగినా, ఇంకో తిరుగుడుకు సరిపడా డీజిలు ట్యాంకులో మిగిలింది. మాయ కాదు. డీజిలు ధర మా మీద జాలిపడి దిగలేదు. అది ఇంకా ఎక్కుతూనే ఉంది, దాని మీద కొట్లాడాల్సిన చోట వేరే కొట్లాడాలి. కానీ నిలబడి తాగిన డీజిలు ఎవరూ దోచుకున్నది కాదు, మేమే పారబోసింది. ఆ పారబోత ఆగింది. అది చాలింది. అన్న ఫామ్‌హౌజ్ వాళ్లకు ఫోన్ చేసి, తాను రానని, బండి చూసిపోయిన మనిషికి చేసి అది అమ్మకానికి లేదని చెప్పాడు. ఆ మాట చెబుతున్నంతసేపూ వదిన లోపల గిన్నెలు చప్పుడు చేస్తూనే ఉంది.

ఇప్పటికీ ఆమె అగరుబత్తి వెలిగిస్తుంది. నేను ఇప్పటికీ ముఖం చిట్లిస్తాను. ఆ వాదన మాకు మిగిలే ఉంది. కానీ తోట పక్కన బండి నిలిచినప్పుడు మాటలు వినబడుతున్నాయి. ఎవరి కూతురికి జ్వరమో, ఎవరి బోరు ఎండిందో అన్నకు ఇప్పుడు తెలుస్తోంది. ఆ రోజు తర్వాత కూడా అన్న గట్టు మీద కళ్లు మూసుకుని కూర్చోవడం మాత్రం మానలేదు. ఏం వింటున్నావని ఒకసారి అడిగాను. ఏమీ లేదు, ముసలామె పాడుతోంది, బాపు కూడా ఆ పాటే అందుకునేవాడు అన్నాడు.

ఇక మీ సంగతి. రేపు పొద్దున మీరు బండి తీస్తారు. ఎక్కడో నిలబెడతారు. ఎందుకో తెలియకుండానే ఇంజను తిరగనిస్తారు. మళ్లీ లేవదేమో అనో, ఎప్పుడూ అంతే అనో, పెద్దవాళ్లు చెప్పారనో ఏదో ఒక మాట మీ నోట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ మాట ఏ పాత వ్యానులోంచి వచ్చిందో మీ ఇంట్లో బతికున్న పెద్దవాళ్లను అడగండి, చాయ్‌లో రొట్టె మెత్తబడేవరకు ఓపిక పట్టి అడగండి. కానీ అడగడానికి ముందే ఒక పని చేయండి. చెయ్యి చాచండి. తాళం వెనక్కి తిప్పండి. ఇంజను ఆపండి. నాతో వాదన తర్వాత.